మెంగ్ వారి కంచరగాడిదల మందు

షిలింగ్ ఊళ్ళో వైద్యుడి గొప్పతనం తెలుసుకోవాలంటే లోపలికి వెళ్ళి నాడి చూపించుకోనక్కర్లేదు. వీధిలో నిలబడి తలెత్తి గుమ్మం పైకి చూస్తే చాలు. రోగం కుదిరినవాళ్ళు నల్ల లక్క పూసిన చెక్క మీద బంగారు అక్షరాలు చెక్కించి, డప్పులతో, టపాకాయలతో ఊరేగించి తెచ్చి వైద్యుడి గుమ్మానికి బిగిస్తారు. అలాంటి పలక ఉన్నవాణ్ణి పెళ్ళి విందుల్లో పెద్దల సరసన కూచోబెడతారు. లేనివాణ్ణి వంటింటి తలుపు పక్కన కూచోబెడతారు. వీధికి అటుపక్క వైద్యుడు హువో గారి గుమ్మం నిండా పలకలే. ఇటుపక్క ఇంకో వైద్యుడు పాంగ్ గుమ్మం మీద ఉన్నది వానకోయిల గూడు ఒక్కటే.

హువో గారి పలకల్లో సగం, చచ్చిపోయినవాళ్ళ కొడుకులు ఇచ్చినవి. నవ్వకండి, దానికో లెక్కుంది. తండ్రికి చివరి గుక్క దాకా, బలమిచ్చే ఖరీదైన వేరు జిన్‌సెంగ్‌తో కాచిన కషాయం పోయించిన కొడుకుని మించిన పితృభక్తుడు ఆ ఊళ్ళో లేడు. ముసలాయన పోయాడంటారా, అది తలరాత. జిన్‌సెంగ్‌తో పోయాడంటారా, అది కొడుకుల ఘనత. ఆ ఘనతని ఊరందరికీ తెలిసేలా చేసిన హువోకి ఒక పలక ఇవ్వకపోతే ఎలా? హువో కూడా ఎప్పుడూ చెయ్యి వెనక్కి తీసేవాడు కాదు. రోగి నీరసంగా ఉంటే జిన్‌సెంగ్, పుష్టిగా ఉంటే ఆ పుష్టి తగ్గకుండా జిన్‌సెంగ్.

పాంగ్ సంగతి వేరు. ఆయన మందు కొండ రేవల్చిన్ని. ఊరి వెనక కొండల మీద, మంచు ఆలస్యంగా కరిగే చోట, గొడుగంత ఆకులేసుకుని దానంతటది మొలుస్తుంది. ఆకు విషం, మేక కూడా ముట్టదు. ఆకులు పండుబారాక దుంప తవ్వి, తొక్క గీసి, తాడుకి గుచ్చి పొగకి వేలాడదీస్తే చలికాలం గడిచేసరికి గుర్రపు డెక్కల్లా గట్టిపడుతుంది. ఆ దుంపతో పాంగ్ చెయ్యని వైద్యం లేదు. ఒళ్ళు కాలినవాళ్ళకి పొడి నువ్వుల నూనెలో కలిపి రాసేవాడు. చిగుళ్ళ నుంచి రక్తం కారితే నమిలించేవాడు. సారాలో ఉడికించి ఆరబెట్టి, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టినవాళ్ళకి ఇచ్చేవాడు. కళ్ళు పచ్చబడినవాళ్ళకి ఒకలాగా, కడుపు ఆగనివాళ్ళకి ఇంకోలాగా ఇచ్చేవాడు. గర్భిణులకి మాత్రం కాళ్ళు పట్టుకున్నా ఇచ్చేవాడు కాదు. ఇన్ని చేసినా ఊరికి గుర్తున్నది ఒక్కటే. కషాయం దించబోయే ముందు ఆ దుంప రెండు ముక్కలు పడేస్తే, ఎంత బిగుసుకున్న కడుపైనా తెల్లారేలోగా ఖాళీ.

చిక్కంతా అక్కడే వచ్చింది. జిన్‌సెంగ్ తాగినవాడు దుప్పటి కప్పుకుని పరువుగా పడుకుంటాడు. రేవల్చిన్ని తాగినవాడు లాంతరు పట్టుకుని దొడ్లోకి పరిగెడతాడు. ఇంటిల్లిపాదీ లేస్తారు, ఇరుగుపొరుగు కుక్కలు లేస్తాయి. పొద్దున్నకి రోగమూ పోతుంది, పరువూ పోతుంది. అలాంటివాడు పలక చేయిస్తే దాని మీద ఏమని రాయిస్తాడు? అందుకే బాగుపడినవాళ్ళు పాంగ్ ఎదురైతే ముఖం చాటేసేవాళ్ళు. చాటున మాత్రం ఆయన్ని దొడ్డి వైద్యుడనేవాళ్ళు. ఆయన భార్య సూమే ఊరి తిరగలి దగ్గరికి జొన్నలు మోసుకెళ్తే, ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నట్టు నటించి పక్కకి జరిగేవాళ్ళు. పాంగ్ పైకి నవ్వేసేవాడు గాని, లోపల మాత్రం ఆయనకి పలక మీద గంపెడాశ. చచ్చేలోగా ఒక్కటంటే ఒక్కటి తన గుమ్మం మీద చూసుకోవాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఆ ఏడు కొత్త సంవత్సరం విందుల తరవాత మెంగ్ ముసలాయన పడకెక్కాడు. మెంగ్ వారంటే తోళ్ళు, టీ ఆకుల వ్యాపారంలో ఆ లోయకంతటికీ పెద్ద చెయ్యి. ఇంటి నడి హాల్లో, పెద్ద అధికారి టోపీ పెట్టుకున్న తాతగారి బొమ్మ ఉంటుంది. ఆ తాత నిజానికి వీపు మీద ఉప్పు బస్తాలు మోసినవాడు, ముసలాయనేమో వయసులో కంచరగాడిదలు తోలినవాడు. ఊరందరికీ తెలుసు, ఒక్కరూ నోరు మెదపరు. పండగన్ని రోజులూ ముసలాయన గొర్రె కొవ్వూ, జిగురు బియ్యపు రొట్టెలూ లాగించాడు. దాని మీద కొడుకులు రోజూ పొద్దున్నే భక్తిగా జిన్‌సెంగ్ పులుసు తాగించారు. కడుపు డప్పులా బిగిసింది. నాలుక మీద పచ్చటి పాచి కట్టింది. జ్వరం తగిలి సంధి మాటలు మొదలయ్యాయి. హువో వచ్చి బలం చాలడం లేదని చెప్పి జిన్‌సెంగ్ పెంచాడు. మర్నాడు వచ్చి మళ్ళీ పెంచాడు. ఆ తరవాత వచ్చి, కొడుకుల్ని పక్కకి పిలిచి, ముందే చేయించి కొట్లో ఉంచిన శవపేటికకి ఆఖరి పూత లక్క వేయించుకోమన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు పాంగ్. వీధి గుమ్మంలోంచి రానిస్తే ఊరు చూస్తుందని, వెనకవైపు గుర్రాల సాల మీదుగా రప్పించారు. ఆయన ముసలాయన కడుపు మీద చెయ్యేసి నొక్కగానే సంగతి తెలిసిపోయింది. కొండ రేవల్చిన్ని ఇస్తే రేపటికి లేచి కూచుంటాడని చెప్పాడు. పెద్దకొడుకు షావ్‌తింగ్‌కి తల కొట్టేసినట్టయింది.

"అది మా కంచరగాడిదలకి పోసే మందండీ" అన్నాడు.

"మీ నాన్నగారి కడుపుకి ఆ తేడా తెలియదు బాబూ."

"ఊరికి తెలుస్తుంది" అన్నాడు షావ్‌తింగ్. "ఆయన పోవాల్సే ఉంటే జిన్‌సెంగ్‌తోనే పోతారు. పశువుల మందు పోసి చంపారని అనిపించుకోలేం."

ముసలాయన కళ్ళు మూసుకుని పడుకునే ఉన్నాడు. పాంగ్ వచ్చిన దారినే గుర్రాల సాల మీదుగా ఇంటికొచ్చాడు. చిన్న కుండలో టీ మరిగించుకుంటూ, జరిగిందంతా సూమేకి చెప్పి, ఇంత తేలిగ్గా బతికే మనిషిని చేజేతులా చంపుకుంటున్నారని బాధపడ్డాడు. సూమే చేస్తున్న పని ఆపి ఆయన వంక చూసింది.

"ఇన్నేళ్ళూ నిజమే చెప్పావు కదయ్యా. ఏమొచ్చింది? గుమ్మం మీద వానకోయిల గూడు. ఈ ఒక్కసారికి అబద్ధం చెప్పి చూడు."

పాంగ్ టీ కుండ దించాడు. తరవాత మందుల అర తెరిచాడు. అడుగున ఎప్పటిదో సన్నటి జిన్‌సెంగ్ వేరు ఒకటుంది, ఎలక మీసమంత. దాన్ని కషాయం మీద అందరికీ కనబడేలా తేలేశాడు. కమలాతొక్క వేసి వాసన కప్పాడు. ఆఖర్న రేవల్చిన్ని పొడి దండిగా కలిపి గిలక్కొట్టాడు. ఈశాన్యపు అడవుల్లో వందేళ్ళు పెరిగిన జిన్‌సెంగ్, మా గురువుగారు పోతూపోతూ ఇచ్చారని చెప్పి మెంగ్ వారింటికి తీసుకెళ్ళాడు. ఈసారి వీధి గుమ్మంలోంచే రానిచ్చారు. షావ్‌తింగ్ గిన్నెలో తేలుతున్న వేరు చూసి రెండు చేతులూ జోడించాడు.

పాంగే స్వయంగా తాగించాడు. మొదటి గుక్కకి ముసలాయన దవడ ఆగిపోయింది. పళ్ళ మధ్య ఏదో కరకరలాడినట్టు నెమ్మదిగా నమిలి, ఒక కన్ను తెరిచి పాంగ్‌ని ఎగాదిగా చూశాడు. ముసలాయన ఆ కన్ను మూసుకుని గిన్నె ఖాళీ చేశాడు.

"మంచి జిన్‌సెంగ్" అని మాత్రం అన్నాడు.

తరవాతిది విప్పి చెప్పక్కర్లేదు. ఇంటి నౌకర్లంతా బిందెలు మోసి మోసి అలిసిపోయారని చెబితే సరిపోతుంది. మర్నాడు మధ్యాహ్నానికి ముసలాయన లేచి కూచుని కొర్రల జావ అడిగాడు. ఆయనలో పేరుకున్న చెడునంతా జిన్‌సెంగ్ బలం బయటికి తోసేసిందని షావ్‌తింగ్ ఊరంతా చెప్పుకొచ్చాడు. రేవల్చిన్ని తాగినవాడు దొడ్లోకి పరిగెడితే నవ్వే ఊరు, జిన్‌సెంగ్ తాగినవాడు పరిగెడితే ఆహా అంది.

పలక వచ్చింది. డప్పులొచ్చాయి, టపాకాయల పొగకి వీధి కనపడలేదు. పలక మీద బంగారు అక్షరాలతో "జిన్‌సెంగ్ పట్టిన చెయ్యి, ప్రాణం పోసిన చెయ్యి" అని ఉంది. బిగించడానికి చోటు చాలక ఖాళీగా ఉన్న వానకోయిల గూటిని కర్రతో రాలగొట్టారు. సూమే కొత్త నీలం అంగీ తొడుక్కుని గుమ్మంలో నిలబడి అందరికీ పుచ్చగింజలు పంచింది. తిరగలి దగ్గర ఆడవాళ్ళు వదినా అని పిలిచి ముందు ఆమెనే విసురుకోమన్నారట. ఆ మాట పాంగ్‌కి చెబుతూ ఆమె ఏడ్చింది. పాంగ్‌కీ కళ్ళు చెమ్మగిల్లాయి. కక్కుర్తి అనండి, ఇంకేమైనా అనండి, ఆ సంతోషం మాత్రం నిజమైనదే.

పలక వేలాడుతున్న ఇంటి చూరుకి రేవల్చిన్ని తాళ్ళు వేలాడితే బావుండదు కదా, వాటిని తీసి కట్టెల కొట్లో పడేశారు. వచ్చిన ప్రతివాడికీ జిన్‌సెంగే కావాలి. పాంగ్ చేసేది లేక లోపల రేవల్చిన్నే వేసి పైన వేరుముక్క తేలేసి ఇచ్చేవాడు. ఇస్తూ సిగ్గుపడేవాడు. బయటికొచ్చేటప్పుడు మాత్రం తలెత్తి పలక చూసుకునే వచ్చేవాడు. లేనివాళ్ళు ఆ పలక చూసి రావడమే మానేశారు. చెయ్యి కాలిన కుమ్మరి ఒకడు గుమ్మం దాకా వచ్చి, ఇంతలేసి బంగారు అక్షరాల కింద పాత నూనె మందు ఏం అడుగుతాంలే అనుకుని కాలిన చేత్తోనే వెనక్కి పోయాడు. సూమే చూసి పిలిచింది గాని అతను ఆగలేదు.

ఆకురాలే కాలంలో చంద్రుడి పండగ వచ్చింది. పంది కొవ్వూ అక్రోటు పప్పూ కూరిన తీపి బిళ్ళలు మెంగ్ వారింట్లో కొండలా పోశారు. ముసలాయన తినీ తినీ మళ్ళీ పడకెక్కాడు. అదే బిగిసిన కడుపు, అదే పచ్చటి పాచి. ఈసారి షావ్‌తింగ్ పాంగ్‌ని పిలవలేదు. మందు పేరు మనమే బంగారంతో రాయించాం, ఇంక వైద్యుడెందుకు అన్నాడట. హువో దగ్గర అసలు సిసలైన జిన్‌సెంగ్ బోలెడు కొని, చిక్కగా కాచి, మూడు పూటలా పోయిస్తున్నాడు. శవపేటికకి లక్క పూసేవాడు మెంగ్ వారింటికి వెళ్ళాడని సూమే తిరగలి దగ్గర విని వచ్చింది.

పాంగ్ చేతిలో అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. వెళ్ళి నిజం చెప్పాలి. చెబితే పలక పోతుంది, పలకతోపాటు ఉన్న కాస్త పేరూ పోతుంది. సూమేకి కూడా అది తెలుసు. కదలకుండా కూచోమంది, పోతే ఆయన హువో చేతిలో పోతాడు గాని నీ చేతిలో కాదుగా అంది.

"వాళ్ళు నా పలక చదివి పోస్తున్నారే" అన్నాడు పాంగ్.

సూమే లేచింది. గుమ్మంలోకి వెళ్ళి చాలాసేపు తలెత్తి పైకి చూసింది. తరవాత కట్టెల కొట్లోకి వెళ్ళి, దుమ్ము పట్టిన రేవల్చిన్ని దుంప ఒకటి తెచ్చి, కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

ఆ దుంప అందరికీ కనబడేలా పట్టుకుని, వీధి గుమ్మంలోంచే పాంగ్ మెంగ్ వారింట్లోకి నడిచాడు. హాల్లో చుట్టాలున్నారు, హువో ఉన్నాడు, గోడ మీద టోపీ పెట్టుకున్న తాతగారున్నారు. పాంగ్ అందరి మధ్యా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అప్పుడు నేను పోసింది ఇదే, జిన్‌సెంగ్ కాదు, ఇప్పుడు మీరు పోసేది ఆపకపోతే మనిషి దక్కడు అన్నాడు. తిడతారనుకున్నాడు, కొడతారనుకున్నాడు. షావ్‌తింగ్ చిరునవ్వు నవ్వాడు.

"పాంగ్ గారూ, మిమ్మల్ని పిలవలేదని కష్టం కలిగినట్టుంది. దానికి ఇంత మాట అనాలా? పశువుల మందుకి మేం డప్పులు కొట్టించామంటారా?"

చుట్టాలంతా తలలూపారు. హువో కూడా, ఆనాడు గిన్నె అడుగున తాను వాసన చూశానని, అది నూటికి నూరుపాళ్ళూ జిన్‌సెంగేనని సాక్ష్యం చెప్పాడు. ఆయన ఆనాడు ఆ ఇంటి ఛాయలకే రాలేదు. పాంగ్ ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. నమ్మితే పలక ఏమవుతుంది, ఊరేగింపు ఏమవుతుంది, గోడ మీది తాతగారి టోపీ ఏమవుతుంది? అబద్ధానికి ఎగిరి గంతేసిన మనుషులు నిజం చెబుతుంటే జాలిపడి చూస్తున్నారు. పాంగ్‌కి ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

ఇంతలో లోపలి గదిలోంచి ముసలాయన గొంతు వినిపించింది. పాంగ్‌తో ఒంటరిగా మాట్లాడాలి, మిగతావాళ్ళెవరూ రాకూడదు అన్నాడు. చావబోయేవాడి కోరిక, కాదనలేకపోయారు. పాంగ్ లోపలికి వెళ్ళి తలుపు వేశాడు. ముసలాయన మొహం పీక్కుపోయింది. ఆ చూపు మాత్రం అప్పటి ఒంటికన్ను చూపే.

"గట్టిగా అరవకు తమ్ముడూ. నాకు మొదటి గుక్కలోనే తెలుసు" అన్నాడు. "ఆ కొండల్లో కంచరగాడిదలు తోలినన్నాళ్ళూ వాటికి పోసింది అదే, నేను తాగింది అదే. పళ్ళ కింద ఇసకలా కరకరమంటుంది. మర్చిపోతానా?"

"మరి ఇప్పుడెందుకు అడగలేదు పెద్దన్నా? ప్రాణం పోతోంది కదా."

ముసలాయన తలుపు వైపు చూశాడు. "ఎవణ్ణడగను? కావాలంటే ఆ కొండ మొత్తం కొనగలను. దాని మీది దుంపొకటి తెచ్చిపెట్టమని ఈ ఇంట్లో అడగలేను. మా వాడు నా బాబుకి టోపీ పెట్టించాడు. నేను గాడిదల మందుతో బతికానని తెలిస్తే వాడు తలెత్తుకోలేడు. వాడు మంచోడే, పితృభక్తి ఎక్కువ. దాంతోనే చస్తున్నాను."

మంచం పక్క కుంపటి మీద ముసలాయన టీ కుండ మరుగుతోంది. పాంగ్ చాకు తీసి దుంపని పల్చగా చెక్కి అందులో వేసి, కాసేపు మూతపెట్టి, టీ కప్పులో వడగట్టి ఇచ్చాడు. ముసలాయన తాగి, మూతి తుడుచుకుని, ఆ చెక్కు ముక్క ఒకటి నోట్లో వేసుకుని పాత రోజులు గుర్తుకొచ్చినట్టు నమిలాడు. మిగిలిన దుంపని దిండు కింద దాచిపెట్టించుకున్నాడు.

మర్నాడు ముసలాయన లేచి కూచున్నాడు. ఊరంతా హువో జిన్‌సెంగ్ మహిమే అంది. చావుబతుకుల్లో ఉన్నవాడి ఇంటికి పశువుల మందు పట్టుకొచ్చి అవమానించినందుకు, మెంగ్ వారు మనుషుల్ని పంపి పాంగ్ గుమ్మం మీది పలక ఊడదీయించారు. వాళ్ళు వ్యాపారస్తులు, మంచి చెక్క పారేసుకోరు. కొత్తగా లక్క పూయించి, అవే అక్షరాలకి మళ్ళీ బంగారం దిద్దించి, అవే డప్పులతో అటుపక్క హువో గుమ్మానికి బిగించారు. సూమే తలుపేసుకుని కూచుంది. పాంగ్ కట్టెల కొట్లోంచి తాళ్ళు తెచ్చి, దుమ్ము దులిపి, మళ్ళీ చూరుకి కట్టాడు. మొదటగా వచ్చినవాడు కుమ్మరి. అతని చెయ్యి అప్పటికే పుండుపడింది. సూమే తలుపు తీసుకుని వచ్చి తనే నూనె మందు రాసింది.

చలికాలం మొదట్లో మెంగ్ వారి పాలేరు వచ్చాడు. ముసలయ్యగారు పంపారనీ, కంచరగాడిదకి కడుపు బిగిసిందనీ చెప్పి రేవల్చిన్ని పట్టుకెళ్ళాడు. కొత్త సంవత్సరం విందు మర్నాడు మళ్ళీ వచ్చాడు. మెంగ్ వారి కంచరగాడిదలకి సరిగ్గా విందుల మర్నాడే రోగం వస్తోందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు, లేదా అనుకున్నా పైకి అనలేదు. ఎందుకంటే కొన్నాళ్ళకి ధాన్యం వర్తకుడి కంచరగాడిదకీ అదే రోగం వచ్చింది. తరవాత బట్టల వర్తకుడి కంచరగాడిదకి వచ్చింది. ఆయనకి కంచరగాడిద ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

వసంతంలో వానకోయిలలు వచ్చి, పలక మేకులున్న చోటే మట్టి మెత్తి గూడు కట్టాయి. పెద్దల సమాధులు ఊడ్చే పండగ విందులయ్యాక ఒక పొద్దున హువో స్వయంగా వీధి దాటి పాంగ్ గుమ్మంలోకి వచ్చాడు. మొహం పసుపుపచ్చగా ఉంది. కడుపు కదలకుండా చిన్న చిన్న అడుగులు వేస్తున్నాడు. పాంగ్ లోపల రోగిని చూస్తున్నాడు. సూమే బయట దుంపలు ఏరుతోంది.

హువో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా కంచరగాడిదకి కాస్త రేవల్చిన్ని కావాలమ్మా."

హువోకి కంచరగాడిద లేదు. ఆయన ఎక్కడికెళ్ళినా పల్లకీలోనే వెళ్తాడు. సూమే ఆ మాట అనలేదు. ఉన్నవాటిలో మంచి దుంప ఏరి పొట్లం కడుతూ అడిగింది.

"ఏం తిన్నదండీ పాపం?"

హువో నేల చూపులు చూశాడు.

"జిన్‌సెంగ్" అన్నాడు.

సూమే పొట్లం ఆయన చేతిలో పెట్టింది. "అయితే దించబోయే ముందు వెయ్యండి, ఎక్కువ మరగనివ్వకండి. తెల్లారేదాకా దాన్ని దొడ్డికి దగ్గరగా కట్టెయ్యండి" అంది.

హువో తలూపి, పొట్లాన్ని అంగీ చేతిలో దాచుకుని, వానకోయిల రెట్ట తన మీద పడకుండా పక్కకి జరిగి గుమ్మం దిగి వెళ్ళాడు.